ఉద్దానం గండిలో మా వాటా

మా అమ్మాయి స్నేహ చెంబెత్తి రెండు గుక్కలు తాగి, మూడో గుక్క మింగకుండా బుగ్గల్లోనే పెట్టుకుని నా వైపు చూసింది. నాకు మొదట భయం వేసింది ఆ చూపుకే. మరుక్షణం అది వాకిట్లోకి పరుగెత్తి ఉమ్మేసి, "అమ్మా, ఇందులో ఎవరో ఉప్పు వేశారు" అంది.

"ఊరుకో. అత్త ఇచ్చిన నీళ్లకి వంకలా?" అని కసిరాను.

మా వదిన ఎస్తేరు లేచి వచ్చింది. చెంబు అందుకుని ఒక్క చుక్క నాలిక మీద వేసుకుంది. తన నూతి నీళ్లను ఒక ఇల్లాలు మందు రుచి చూసినట్టు చూడటం నేనెప్పుడూ ఎరగను. "నిన్నటి కంటే ఎక్కువైనాది" అంది. ఆ మాట మాతో కాదు, పొయ్యితో అన్నట్టుగా అంది.

ఎస్తేరు వదిన మా ఆయనకు అక్క. ఉద్దానం తీరంలో ఒక చిన్న పల్లెలో ఉంటుంది. ఊరి పేరు రాయవద్దన్నారు. పెళ్లికెదిగిన పిల్లలున్న ఇళ్లు నాలుగున్నాయట, నీళ్లు ఉప్పని అచ్చులో పడితే సంబంధాలు రావని వాళ్ల బాధ. అందుకని రాయడం లేదు. పిల్లల వేసవి సెలవులు అయిపోయే ముందు నాలుగు రోజులు అక్కడ గడిపి వద్దామని విజయనగరం నుంచి బయల్దేరాను. నేను పుట్టింది ఒంగోలు దగ్గర, బీడు భూములూ పొగాకు ఆరబెట్టే బేరన్లూ చూసి పెరిగినదాన్ని. అత్తవారి వైపు ఈ కొబ్బరితోటల సీమ పెళ్లయిన తొమ్మిదేళ్లలో సరిగా చూసింది ఇదే మొదటిసారి. చూడని వాళ్ల కోసం, పిల్లలు నిద్రపోయాక కూర్చుని ఇది రాస్తున్నాను. మొదటి రోజు నుంచి చెప్తాను.

టెక్కలి: అంబలి కొట్టు

శుక్రవారం పొద్దున ఎక్కిన బస్సు కోటబొమ్మాళి దగ్గర టైరు మార్చుకుని, టెక్కలి చేరేసరికి మిట్టమధ్యాహ్నం అయింది. టైరు మార్చే సందట్లో మా అబ్బాయి జోయెల్ ఎడమ కాలి చెప్పు ఎక్కడో పోయింది. వాడికి ఐదేళ్లు. మిగిలిన చెప్పును మాత్రం చంకలో పెట్టుకుని ఎవరడిగినా ఇవ్వలేదు.

బస్టాండు బయట ఒకావిడ కుండలో చోడి అంబలి అమ్ముతోంది. మేం రాగులనే వాటిని వీళ్లు చోళ్లంటారు. గ్లాసు రెండు రూపాయలు. నంజుకోవడానికి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ ఊరికే. మా ఒంగోల్లో జావ అంటే జ్వరం వచ్చినవాళ్లకి. ఇక్కడ చొక్కా మడత నలగని గుమాస్తాలు కూడా నిలబడి తాగుతున్నారు. పిల్లలు చెరో గ్లాసు తాగి ఇంకోటి అడిగారు.

బెంచీ మీద ఒక రిటైరైన మాస్టారు పేపరు పైకి చదువుతున్నారు. ఉత్తర ధ్రువంలో మంచు కరుగుతోందనీ, భూమి వేడెక్కుతోందనీ, సముద్రాలు పెరుగుతాయనీ.

"కరగనీండి మాస్టారూ" అంది అంబలి ఆవిడ. "ఆ నీళ్లు మన టెక్కలికి ఏ రోజుకొత్తాయో సెప్పండి. బిందెలట్టుకుని నిలబడతాం."

అందరూ నవ్వారు. గోనెసంచి మీద కూర్చున్న ఒక రైతు మాత్రం నవ్వకుండా ఆవిడతో అన్నాడు. "నవ్వకు అప్పా. పూత మీద మబ్బేసీసి మా జీడి అంతా నల్లగా మాడిపోనాది. మా అయ్య కాలంలో ఇలగ లేదు."

"అదే నాయనా నేను చెప్పేది" అన్నారు మాస్టారు. "పెద్ద దేశాల వాళ్లు కార్లూ ఫ్యాక్టరీలూ నడిపితే ఆ ఫలితం మనకి."

"అయితే ఈ పేపరు ఆలకి పంపండి. నాకెందుకు సదువుతారు? నాకున్నది సైకిలు. దానికీ గాలి లేదు!" అన్నాడు రైతు.

ఈసారి మాస్టారు కూడా నవ్వారు. నేనూ నవ్వాను గానీ మనసులో గుచ్చుకుంది. ఇంట్లో ఇలాంటి వార్తలన్నీ కత్తిరించి ఒక ఫైల్లో పెడతాను. రాత్రిళ్లు తీసి చదువుకుని, పిల్లలు పెద్దయ్యేసరికి ఏమవుతుందో అని బెంగపడతాను. ఖాళీ గదిలో ఫ్యాను తిరుగుతుంటే పిల్లల మీద అరుస్తాను. "నువ్వా స్విచ్చి ఆపావు, అక్కడ మంచు కరగడం ఆగింది" అంటారు మా ఆయన. ఆ ఫైలు లావెక్కడం తప్ప దానివల్ల ఇంతవరకూ ఇంకేమీ జరగలేదు.

పలాస: ఒకటో తారీకు గది

పలాస కంటే ముందు పలాస వాసన వస్తుంది. జీడిగింజలు కాల్చే పొగ అది. మొదట కమ్మగా ఉంటుంది, కాసేపటికి గొంతు పట్టేస్తుంది.

వదిన భర్త దానియేలు అన్నయ్య మాకోసం బస్టాండుకి వచ్చాడు. ఆ రాత్రికి మమ్మల్ని వాళ్ల చుట్టాలింట్లో ఉంచి, పొద్దున్నే పల్లెకు బయల్దేరే ముందు "ఒకపాలి ఇది సూసెల్దాం రా సెల్లెమ్మా" అని ఒక సందులోకి తీసుకెళ్లాడు. జీడి బట్టీ వెనకాల వరసగా గదులు. ఒకదాని తాళం తీశాడు. రేకుల కప్పు, ఒక్క కిటికీ, మూలన వంట గట్టు.

"ఒకటో తారీకు నుంచి మాదే" అన్నాడు.

"ఊరొదిలేస్తారా అన్నయ్యా?"

"మొన్న పున్నమికి గండిలోంచి సముద్రం తోటలోకి వొచ్చీసింది. నుయ్యి ఉప్పైపోనాది. మళ్లీ పున్నమికి ఇంకోపాలి వొచ్చిందంటే ఆ నుయ్యి మరి లేదు, తోటా లేదు. మా వైపు కిడ్నీ జబ్బులు సూత్తన్నావు కదా. నీళ్ల వల్లో దేనివల్లో డాకటర్లకే తెల్దు. ఉప్పునీళ్లు తాగించి నా పిల్లల్ని ఎలగ పెంచమంటావు?" తాళం చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు. "మీ వొదిన ఇనడం లేదు. నువ్వు సదువుకున్నదానివి. నీ మాటింటాది. సెప్పు."

చెప్తానన్నాను. పిల్లలున్న తల్లిగా నాకు అతని మాటే సబబనిపించింది.

పక్క గది అరుగు మీద నూకాలమ్మ అనే ఆమె జీడిగింజలు కొడుతోంది. గింజ నిలబెట్టి చిన్న కర్రతో ఒక్క దెబ్బ వేస్తే పెంకు రెండుగా విడిపోతుంది, పప్పు మాత్రం విరగదు. వేళ్లు మణికట్టు దాకా నల్లగా ఉన్నాయి. జీడి నూనె మచ్చ, కడిగితే పోయేది కాదట. మేం మాటల్లో ఉండగా జోయెల్ ఒక పెంకు తీసి చెంప మీద రుద్దుకున్నాడు. పెంకులోని నూనె కాల్చేసరికి వాడు పెట్టిన కేకకి బట్టీలోంచి జనం బయటికొచ్చారు. నూకాలమ్మ చేతులు తుడుచుకుని, వాడి చెంపకు కొబ్బరినూనె పట్టించింది. "ఓలమ్మా, గుంటడికి పలాస ముద్దరేసీసింది! మరి మా ఊరోడే!" అంది. ఏడుస్తున్నవాడు ఆగి ఆమె నల్లటి వేళ్ల వైపు చూశాడు.

"ఈ పొగలో పిల్లలతో ఎలా ఉంటున్నారమ్మా?" అన్నాను.

"పొగ మంచిదని ఎవులన్నారు? పొగ ఆగితే పొయ్యి ఆగిపోతాది." తర్వాత దానియేలు అన్నయ్య వినకుండా గొంతు తగ్గించింది. "మాదీ ఆ సముద్రం ఒడ్డే తల్లీ. వానలొచ్చే దాకా ఉందామని వొచ్చినాం. ఏడేళ్లైపోనాది."

ఉద్దానంలోకి

పలాస దాటాక దారికి రెండు పక్కలా తోటలే. కొబ్బరి కింద జీడి, జీడి పక్కన పనస, వాటి మధ్య దాగినట్టు ఇళ్లు. పనసకాయలు చెట్టు మొదట్లోనే, నేలమీద కూర్చోబెట్టినట్టు కాశాయి. బస్సు ఆగిన చోట ఒక ముసలావిడ ఆకులో ఎనిమిది తొనలు పెట్టి రెండు రూపాయలకిచ్చింది. నేనిచ్చిన నోటు తీసుకుని చిల్లర లేదని ఇంకో ఆకు నిండా తొనలు ఒళ్లో పోసింది. మా వైపు ఈ పాటి నీడ కావాలంటే పొలమంతా తిరిగి ఒక వేపచెట్టు వెతుక్కోవాలి. ఇంత పచ్చగా ఉన్నచోట ఆపద ఏముంటుంది, అన్నయ్య తొందరపడుతున్నాడేమో అనుకున్నాను.

మధ్యాహ్నానికి ఇల్లు చేరాం. పిల్ల నీళ్లడిగింది. ఆ తర్వాత జరిగింది మొదట్లోనే చెప్పాను.

భోజనాలయ్యాక వదిన నన్ను నూతి దగ్గరికి తీసుకెళ్లింది. ఇంటి వెనక తోట, తోట చివర నుయ్యి, నూతికి అవతల ఇసుక దిబ్బ. అది తాటిచెట్టు ఎత్తులో సగం ఉంటుంది. సముద్రానికీ ఊరికీ మధ్య గోడలా ఆ చివరి నుంచి ఈ చివరికి సాగుతుంది. సరిగ్గా వదిన వాళ్ల తోట ఎదురుగా మాత్రం దిబ్బ లేదు. రెండు బళ్లు పక్కపక్కన పోయేంత ఖాళీ. ఆ ఖాళీలోంచి సముద్రం తిన్నగా కనబడుతోంది. నూతి గట్టు మీద నిలబడి అలల్ని లెక్కపెట్టొచ్చు. గండికి ఇవతల నాలుగు వరసల జీడిచెట్లు ఆకులు ఎర్రబడి ఎండిపోతున్నాయి.

తాగడానికి పక్క ఊరి బోరు నుంచి బిందెలతో తెచ్చుకుంటున్నారట. ఆ పూట ఆ నీళ్లు అయిపోయాయి. చుట్టం వచ్చిందని నూతి నీళ్లే కాచి చల్లార్చి ఇచ్చింది.

"వదినా, పిల్లల మొహం చూసైనా పలాస వెళ్లిపోండి" అన్నాను.

"ఆ మాట సెప్పడానికి ఆయన నిన్ను గదికి తీసుకెల్లాడు కదూ" అని నవ్వింది. తోటకేసి చూస్తూ అంది: "ఇక్కడ నాను తోటున్నదాన్ని పెమీలా. ఆ గదికెల్తే మర్నాటి నుంచి గింజలు కొట్టుకునేదాన్ని. కొట్టుకోడం తప్పని కాదు. కానీ ఎల్లినోలు ఒక్కలూ తిరిగి రాలేదు. సూద్దాం, రేపు ఆదివారం ఊరంతా ఉంటాది. ఈ గండి సంగతి తేల్చమన్నాను. తేలకపోతే నానే మూట కడతాను. నువ్వు సెప్పక్కర్లేదు."

నూకాలమ్మ చెప్పిన ఏడేళ్ల మాట నోటి దాకా వచ్చింది. అన్నయ్యకిచ్చిన మాట గుర్తొచ్చి మింగేశాను.

తాడు పట్టినవాళ్లు

సాయంత్రం పిల్లలు సముద్రం అన్నారు. గండి దాటి ఒడ్డుకు వెళ్లేసరికి పెద్ద వల లాగుతున్నారు. పడవ మీద దూరంగా తీసుకెళ్లి వేసిన వలను రెండు తాళ్లతో ఒడ్డు నుంచే లాగుతారు. ఒక్కో తాడుకి పదిహేను మంది. ఒకరు పాట అందుకుంటే మిగతావాళ్లు ఊఁ కొడుతూ వెనక్కి అడుగులేస్తారు. జోయెల్ వెళ్లి తాడు చివర వేలాడాడు. వాణ్ణి లాగబోయి నేనూ, నన్ను చూసి స్నేహా తాడు పట్టుకున్నాం. అరచేతులు మండాయి. పది నిమిషాలు లాగామేమో.

వలలో ఎక్కువేం పడలేదు. కవళ్లనే చిన్న చేపలు, కొన్ని గులివిందలు, ఒక చిన్న సొర. వల పెద్ద అప్పలస్వామి తాత పంపకం మొదలెట్టాడు. ఎండకి బొగ్గులా మాడిన మనిషి, తలకి ఎర్ర తువ్వాలు. పడవకింత, వలకింత, మనుషులకింత. చివర నన్ను పిలిచి మా వాటాగా మూడు చిన్న కుప్పలు చూపించాడు.

"అయ్యో, మేం ఊరికే సరదాకి పట్టుకున్నాం తాతా."

"సరదాకట్టుకున్నా తాడు తాడే. సెయ్యేసినోలికి పాలు. ఒద్దంటే వల అలుగుతాది. గుంటడికి కూడాను."

జోయెల్ తన వాటా చేపలు మిగిలిన ఆ ఒంటి చెప్పు మీద పెట్టుకుని ఇంటికి మోశాడు. దానివల్ల చెప్పుకి ఒక ఉపయోగం దొరికింది.

"సముద్రం నిజంగా పెరిగిందా తాతా?" అని అడిగాను. పేపర్లో చదివిందంతా ఆ ఒక్క ప్రశ్నలో పెట్టి అడిగాను.

"ముందర నా పడవ పెట్టిన సోటు ఇప్పుడు నీళ్లల్లో ఉన్నాది. అది పెరిగిందో, నాను కుంగిపోయానో తెల్దు." గండి వైపు చూసి, "దానికి కోపమొచ్చింది నిజమే. దానికి తలుపు తీసిందెవులో, అది వేరే సంగతి" అన్నాడు.

ఆదివారం

ఆ పల్లెలో సగం మంది బాప్టిస్టులు, సగం మంది చేపలవాళ్లూ కొబ్బరితోటల వాళ్లూ అయిన హిందువులు. ఆరాధనకి వెళ్లేటప్పుడు వదిన, వారమంతా అన్నం వండిన ప్రతిసారీ తీసి పెట్టిన పిడికెడు బియ్యాన్ని డబ్బాతో తెచ్చి ప్రార్థన గుళ్లో పోసింది. ఈ అలవాటు మా ఒంగోలు వైపూ ఉంది. కాకపోతే మా అమ్మ శనివారం రాత్రి ఒక్కసారే కొలిచి పోసేది!

పాస్టరు గారు జలప్రళయం గురించి చెప్పారు. లోకాన్ని ఇంక నీటితో ముంచనని దేవుడు మాటిచ్చాడు, భయపడవద్దు అన్నారు. ఆరాధన అయ్యాక బయట కొబ్బరాకుల పందిరి కింద అందరూ చేరారు. అప్పలస్వామి తాతా వాళ్ల వైపు వాళ్లూ కూడా వచ్చి కూర్చున్నారు.

వదిన లేచి అడిగింది. "పాస్టరు గారూ, ముంచనన్నాడు, సరే. మనమే తలుపు తీసుకుని కూకుంటే అడ్డం నిలబడతానన్నాడా?"

పాస్టరు గారు చిన్నవాడు. నవ్వి, "అలా ఎక్కడా లేదమ్మా" అన్నాడు.

ఇక మొదలైంది. ప్రభుత్వం గోడ కట్టాలని ఒకరు. ఫ్యాక్టరీలవాళ్ల పాపమని ఒకరు. కలికాలమని ఒకరు. లోకమంతా వేడెక్కిపోతోందట, మనమేం చెయ్యగలమని టెక్కలిలో చదువుకునే ఒక కుర్రాడు. అందరివీ నిజాలే. నా ఫైల్లో ఉన్నవీ అవే. అరగంట గడిచింది. గండి ఒక్క అడుగు కూడా పూడలేదు. దానియేలు అన్నయ్య జేబులో చెయ్యి పెట్టుకుని గది తాళంచెవి ఆడిస్తున్నాడు. ఆ చప్పుడు వదినా వింటోంది, నేనూ వింటున్నాను.

అప్పుడు అప్పలస్వామి తాత లేచి తువ్వాలు విప్పి భుజాన వేసుకున్నాడు.

"సేప పడితే పాళ్లేసుకుంటాం కదా. ఈ గండికీ పాళ్లేద్దాం. ఎవులెవులు సెయ్యేసినారో సెప్పండి. ముందు నాది. దిబ్బ మీద మొగలి పొదలు కొట్టీసింది నాను. ముళ్లని, పాములని, వలారెయ్యడానికి అడ్డమని కొట్టీసినాను. ఆ పొదల వేర్లే ఇసకని అట్టుకున్నాయని మా అయ్య సెప్పినాడు. ఇన్లేదు. పెద్ద పాలు నాదే. రాసుకోండి."

 వెనక నుంచి ఒక ఆడమనిషి, "మొగలి పోయాక ఇసక మెత్తగా దొరికింది. మా అరుగు మెరకకి పది బళ్లు తోలుకున్నాం" అంది.

"పదా? నా కల్లారా పదారు సూసినాను!" అని ఇంకొకరు.

"అయితే పదారు. నీ దొడ్డి సంగతి సెప్పవేటి మరి?"

నవ్వులు మొదలయ్యాయి. ఒక్కొక్కరే చెప్పారు. పాస్టరు గారు కూర్చున్న కుర్చీ జరుపుకుని, "ఈ గుడి నేల కింద పోసింది కూడా అక్కడి ఇసకే. నేను రాకముందు పోశారు, కానీ నిలబడి ప్రసంగం చేస్తున్నది నేనే" అన్నాడు.

వదిన దానియేలు అన్నయ్య వైపు చూసింది. తాళంచెవి చప్పుడు ఆగింది.

"ఆ దిబ్బ మీద మా సరివి చెట్లుండేవి" అన్నాడు అన్నయ్య. మేం సరుగుడు అనే చెట్లని వీళ్లు సరివి అంటారు. "మూడేళ్లు ఆగాల్సినవి. ముందే కొట్టీసినాను. మొగలీ లేదు, సరివీ లేదు. ఆ యేడాది గాలికే దిబ్బ కూలింది."

"ఎవులికి అమ్మినావు?" అన్నాడు తాత.

"అమ్మలేదు." అన్నయ్య నా వైపు చూడలేదు. "ఇంట్లో పనికి పంపినాను."

నాకు అప్పుడు తెలిసింది. రెండేళ్ల క్రితం మా ఇంటికి స్లాబు వేసినప్పుడు కింద ఆనించడానికి లారీలో సరుగుడు బాదులు వచ్చాయి. "మా ఆడపడుచు పంపింది, అద్దె లేకుండా స్లాబు లేచింది" అని వీధిలో అందరికీ చెప్పుకున్నాను. పనయ్యాక అవి విరిచి నెల రోజులు వేణ్ణీళ్లు కాచుకున్నాం. ఎక్కడివి అని ఒక్కసారి అడగలేదు. భూమి వేడెక్కుతోందని ఆ పొయ్యి పక్కనే కూర్చుని పేపరు కత్తిరించాను.

చుట్టాల మనిషిని, నోరు మూసుకుంటే ఎవరూ ఏమీ అనరు. కానీ తాత అందరి మొహాలూ చూస్తున్నాడు. నేను లేచాను.

"ఆ బాదులు విజయనగరంలో మా ఇంటికే వచ్చాయి. వాటి మీదే మా కప్పు లేచింది. అందులో నాకూ ఒక వాటా ఉంది."

 అప్పలస్వామి తాత తొడ చరిచి నవ్వాడు. "సూసినారా! తాడు సివరోలు కూడా దొరికినారు! ఇంక వల ఒడ్డున పడినట్టే!"

ఆ తర్వాత తిట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఎవరి వాటా ఎంతో తెలిసింది కనుక, పని కూడా అలాగే పంచారు. ఇసుక తోలుకున్నవాళ్లు సిమెంటు సంచుల్లో ఇసుక నింపి గండిలో పేర్చాలి. కొబ్బరితోటల వాళ్లు మట్టలు తెచ్చి దడి కట్టాలి. గాలికి ఎగిరే ఇసుక దడి దగ్గర ఆగి మళ్లీ దిబ్బ లేస్తుంది. తాతా వాళ్లు ఉత్తరాన ఇంకా మిగిలిన మొగలి నుంచి పిలకలు తెచ్చి తొలకరికి నాటాలి. వానలకి నుయ్యి తన ఉప్పు తానే కడుక్కుంటుంది, మళ్లీ సముద్రం రాకపోతే.

"ఇప్పుడే మొదలెడదాం" అన్నాడు తాత.

"ఆదివారం పని చెయ్యం కదా తాతా" అన్నారు గుడి పెద్దలు.

"మీ దేముడు ఆదివారం సెలవిచ్చినాడు. సముద్రానికి ఇచ్చినాడేటి?"

గొడవైంది, అదీ నవ్వుతూనే. చివరికి తాతా వాళ్లు ఆ సాయంత్రమే సంచులు పోగుచెయ్యాలనీ, గుడివాళ్లు సోమవారం తెల్లారగట్లే, వాళ్లకంటే ముందు గండిలో ఉండాలనీ తేలింది. ముందు ఎవరొస్తారో అని పందెం కూడా వేసుకున్నారు.

ఇంటికొచ్చాక దానియేలు అన్నయ్య తాళంచెవి తీసి వదిన చేతిలో పెట్టాడు. "క్రిస్మస్ దాకా సూద్దాం" అన్నాడు. "గది వేరేవోలికి ఇచ్చీమని సెప్తాను. తుపాన్ల నెలలు కూడా దాటితే అప్పుడు సెప్పు, నీదే గెలుపని."

"నా గెలుపేటి" అంది వదిన. "పొయ్యెలిగించు, నిన్న ఉప్పేసిన కవళ్లు పాడైపోతాయి." ఆ రాత్రి కూర తిన్న రుచి ఇప్పటికీ నోట్లో ఉంది. చింతకాయ వేసి ఉడికించింది, బోరు నీళ్లతో.

పలాస గది యజమానికి అన్నయ్య ఫోను చేసి వద్దని చెప్పాడు. నేను తిరిగొచ్చాక మూడు వారాలకు వదిన నాకు ఎస్టీడీ బూతు నుంచి ఫోను చేసింది. పున్నమి నాడు సముద్రం దడి దాకా వచ్చి, రెండు చోట్ల మట్టలు పడగొట్టి, సంచుల దగ్గర ఆగిపోయిందట. నుయ్యి ఇంకా ఉప్పేనట గానీ, మేకలు తాగుతున్నాయట. నాటిన మొగలిలో సగం చచ్చింది, సగం చిగురు పెట్టింది. "సగమంటే తక్కువేటి?" అని ఆవిడే నన్ను ధైర్యపెట్టింది. తుపాన్ల నెలలు ఇంకా ముందున్నాయి. నా బెంగ పూర్తిగా పోలేదు. కాకపోతే ఇప్పుడు దానికి చెయ్యడానికి ఒక పని దొరికింది.

సోమవారం పొద్దున

పందెం వేసుకున్న మర్నాడు పొద్దున మేం పలాసలో పాసింజరు ఎక్కాలి. మంగళవారం బడి తెరుస్తారు. స్నేహ కొత్త బ్యాగు గురించి నిద్ర లేస్తూనే అడిగింది. నేను సంచీ సర్దడం మానేసి ఇద్దర్నీ అరుగు మీద కూర్చోబెట్టుకున్నాను. మామూలుగా పిల్లలు ఏదైనా అడిగితే "ఏం కాదులే" అనేస్తాను. అది నా అలవాటు. ఆ రోజు వాళ్లకి చెప్పింది ఇది:

"మనం ఇవాళ వెళ్లడం లేదు. గురువారం దాకా ఇక్కడే. మన ఇల్లు కట్టేటప్పుడు ఇక్కడి చెట్లు కొట్టించాం, అందువల్ల అత్తా వాళ్లకి కష్టం వచ్చింది. అమ్మకి ముందు తెలియదు, అడగనూ లేదు. ఇప్పుడు తెలిసింది. మనం సంచుల్లో ఇసుక నింపాలి. పెద్ద సంచులు నావి, చిన్నవి మీవి. అంతా బాగైపోతుందా అంటే నాకు తెలియదు. బడికి వెళ్లాక మూడు రోజులు ఎందుకు రాలేదని టీచరు అడుగుతారు. జ్వరం వచ్చిందని చెప్పకండి. మా వాళ్లు ఒక పని పాడు చేశారు, బాగు చెయ్యడానికి వెళ్లాం అని చెప్పండి."